300 గజాల లోపు జింకకి ఏ బుల్లెట్? .308 రీలోడింగ్ ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

రైఫిల్ .308 విన్చెస్టర్ తూటాది, బోల్ట్ యాక్షన్ (బోల్ట్‌ని చేత్తో లాగి తూటా ఎక్కించేది), 24 అంగుళాల బ్యారెల్ (గొట్టం). వేట అమెరికా తెల్లతోక జింకది. దూరం 40 గజాల నుంచి 300 గజాల దాకా, అందులో ఎక్కువ అవకాశాలు చెట్ల అంచున 100 గజాల లోపే. సీజనుకి ఒకే ఒక బుల్లెట్ ఎంచుకోవాలి, దాన్ని ఈ రైఫిల్‌కి కుదిర్చి 50 తూటాలు చేసి పెట్టుకోవాలి. రీలోడింగ్ అంటే ఇదే, కాల్చిన కేసుల్ని మళ్లీ నింపుకోవడం.

ఈ డైరీలో తూటా అంటే మొత్తం రౌండు: కేసు (ఇత్తడి గుల్ల), ప్రైమర్ (అడుగున నిప్పు పుట్టించే టోపీ), మందు, బుల్లెట్ నాలుగూ కలిసినది. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికి పోయే ముక్క మాత్రమే. మందు కొలతలు ఎక్కడా రాయట్లేదు. అవి బుల్లెట్ తయారీదారు మాన్యువల్లోంచి, అదే బుల్లెట్ పేరు, అదే మందు పేరు చూసి తీసుకోవాల్సినవి. ఒకరి రైఫిల్‌లో గరిష్ఠ లోడు (మందు కొలత) ఇంకొకరి రైఫిల్‌లో ప్రమాదం కావచ్చు.

మొదటి వారం: కాగితం మీద

కేటలాగు తెరవగానే అందరి కళ్లూ బాలిస్టిక్ కోఎఫిషెంట్ (బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె) మీదే పడతాయి. 300 గజాల లోపు వేటకి అది ఆఖరున చూడాల్సిన అంకె. 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌ని సెకనుకి 2700 అడుగుల వేగంతో పంపి 200 గజాలకి జీరో చేస్తే (ఆ దూరంలో గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దితే), 300 దగ్గర అది ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. కోఎఫిషెంట్ 0.400 ఉన్నదానికీ 0.475 ఉన్నదానికీ అక్కడ తేడా అంగుళం లోపే. గాలికి పక్కకి జరగడంలోనూ అంతే, గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో అంగుళం అటూ ఇటూ. చేత్తో పట్టుకుని కాల్చేటప్పుడు మనిషి వణుకే అంతకంటే ఎక్కువ.

మొదట చూడాల్సింది బుల్లెట్ జింకని తాకే క్షణంలో దాని వేగం. 2700తో బయల్దేరిన 165 గ్రెయిన్ల బుల్లెట్ 50 గజాల దగ్గర దాదాపు 2600తో తాకుతుంది. 300 దగ్గర 2150కి అటూ ఇటూ. మనం కొనే బుల్లెట్ ఈ రెండు అంకెల మధ్య ఎక్కడ తగిలినా ఒకేలా పనిచెయ్యాలి: దగ్గర్లో చితికిపోకూడదు, దూరంలో విచ్చుకోకుండా సూదిలా దూసుకెళ్లిపోకూడదు. జింక బుల్లెట్లు చాలావాటికి తయారీదార్లు చెప్పే కనిష్ఠ వేగం 1800 దగ్గర ఉంటుంది. పూర్తి రాగి బుల్లెట్లకి మేం 2000 అనుకుని లెక్క వేసుకున్నాం, కాస్త వెసులుబాటు ఉండాలని.

నిర్మాణాన్ని బట్టి రకాలు ఇవీ.

కప్-కోర్: పల్చని రాగిమిశ్రమ జాకెట్‌లో సీసం నింపినది. సియెర్రా గేమ్‌కింగ్, హార్నడీ ఇంటర్‌లాక్, స్పీర్ హాట్-కోర్ ఈ కోవవి. చవక, గురి బాగుంటుంది, త్వరగా విచ్చుకుంటుంది. మరీ వేగంగా ఎముకకి తగిలితే జాకెట్ ఒక దారి, సీసం ఒక దారి.

బాండెడ్: సీసాన్ని జాకెట్‌కి అతికిస్తారు. నోస్లర్ అక్యూబాండ్, స్విఫ్ట్ సిరోకో ఇలాంటివి. విచ్చుకున్నా విడిపోదు.

అడ్డుగోడ రకం: ముందు సీసం, మధ్యలో జాకెట్ లోహంతోనే గోడ, వెనక మళ్లీ సీసం. నోస్లర్ పార్టిషన్. 1946లో బ్రిటిష్ కొలంబియాలో బురద పూసుకున్న మూస్ (పెద్ద దుప్పి జాతి) మీద బుల్లెట్ లోపలికి దిగకపోవడంతో జాన్ నోస్లర్ ఈ ఆలోచన చేశాడు, 1948లో కంపెనీ పెట్టాడు. ముందు సగం చెదిరినా వెనక సగం ముందుకి సాగుతుంది. జింకకి ఇది అవసరానికి మించినదే.

పూర్తి రాగి: సీసమే లేదు. ముక్కులో గుంట, అది రేకుల్లా విచ్చుకుంటుంది. బార్న్స్ టీటీఎస్ఎక్స్, హార్నడీ సీఎక్స్. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి అడవి జంతువుల వేటకి సీసం బుల్లెట్లు ఎక్కడా వాడకూడదు. వేట పేగుల్లో మిగిలే సీసపు తునకలు కాండోర్ రాబందుల కడుపులోకి వెళ్తున్నాయన్నది ఆ చట్టానికి మూలం. అటువైపు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి ఎంపిక ఇక్కడే తేలిపోతుంది.

మొదట్లోనే పక్కన పెట్టినవి రెండు. ఒకటి మ్యాచ్ హాలో పాయింట్. ముక్కు దగ్గర చిన్న రంధ్రం చూసి విచ్చుకుంటుందనుకుంటారు. అది జాకెట్‌ని వెనకనుంచి ముందుకి మలిచి తయారుచేసినందుకు మిగిలిన కన్నం, విచ్చుకోవడానికి పెట్టింది కాదు. రెండోది ఫుల్ మెటల్ జాకెట్. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింకకి దాన్ని నిషేధించారు. నిషేధం లేకపోయినా వాడకూడదు: పెన్సిలంత రంధ్రం చేసి అవతలికి పోతుంది, జంతువు మైళ్ల దూరం పరుగెత్తి ఎక్కడో పడుతుంది.

శనివారం: ట్విస్ట్ కొలత

బుల్లెట్ కొనే ముందు బ్యారెల్ మెలిక (ట్విస్ట్) కొలవాలి, అంటే లోపల బుల్లెట్‌ని తిప్పే గాళ్లు, మెలి తిరిగిన గాడులు, ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో. బ్యారెల్ మీద ముద్ర లేదు. .308కి 12 అంగుళాలకి ఒక చుట్టు పాత ప్రమాణం, కొత్త రైఫిళ్లు చాలావాటికి 10 ఉంటుంది. ఊహించుకోకుండా కొలిచాం: బోల్ట్ తీసేసి, స్వేచ్ఛగా తిరిగే పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా తడిగుడ్డ చుట్టి లోపలికి తోసి, రాడ్ మీద పైభాగాన ఒక గీత, పిడి దగ్గర టేప్ ముక్క. గీత పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేదాకా తోసి, రాడ్ ఎంత లోపలికి పోయిందో చూశాం. మొదటిసారి 13 పైన వచ్చింది. గుడ్డ వదులుగా ఉంటే గాళ్లు పట్టుకోవు, జారిపోతుంది, అంకె పెద్దదవుతుంది. గుడ్డ మందం పెంచాక మూడుసార్లూ 12కి దగ్గరగానే వచ్చింది.

12 అని తేలగానే జాబితా సగానికి తగ్గింది. బుల్లెట్ నిలకడగా తిరగడానికి కావాల్సిన మెలికని తేల్చేది దాని బరువు కాదు, పొడవు. రాగి సీసం కంటే తేలిక. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9. అందుకే ఒకే బరువుకి రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. మిల్లర్ సూత్రంతో లెక్క వేస్తే, 1.25 అంగుళాల పొడవున్న 165 గ్రెయిన్ల సీసం బుల్లెట్‌కి ఈ బ్యారెల్లో స్థిరత్వ సంఖ్య 1.57. బాగుంది, 1.4కి పైన ఉంటే చాలు. 1.40 అంగుళాల పొడవున్న 168 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌కి 1.15 మాత్రమే. 10 మెలిక బ్యారెల్లో అదే బుల్లెట్ 1.66 ఇస్తుంది.

ఇక్కడొక చిక్కు. పాలిమర్ ముక్కు ఉన్న బుల్లెట్‌కి మొత్తం పొడవు పెడితే ఈ సూత్రం కాస్త తక్కువ చూపిస్తుంది. ప్లాస్టిక్ ముక్కుకి పొడవు ఉంది, బరువు లేదు. కాబట్టి నిజంగా 1.15 కన్నా కొంత మెరుగే ఉండొచ్చు. అయినా చలికాలం పొద్దున గాలి చిక్కబడ్డప్పుడు ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది, వేట జరిగేది సరిగ్గా అప్పుడే. అందుకే 168ని వదిలేసి 130 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తీసుకున్నాం: పొడవు 1.17, లెక్క 1.50. సెక్షనల్ డెన్సిటీ (అడ్డకొలతతో పోల్చిన బరువు) 0.196 అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు, 165కి అది 0.248. కానీ ఆ కొలత బుల్లెట్ తగలకముందుది. సీసం బుల్లెట్ లోపలికి దిగుతూ బరువు పోగొట్టుకుంటుంది, రాగిది దాదాపు మొత్తం నిలుపుకుంటుంది. తగిలిన తర్వాత రెంటి మధ్య తేడా అంత ఉండదు. పైగా తేలిక బుల్లెట్‌కి వేగం ఎక్కువ, 300 గజాల దగ్గర కూడా 2200కి పైనే ఉంటుంది. రాగికి కావాల్సింది అదే.

మిగిలిన మూడు: 165 కప్-కోర్, 165 బాండెడ్, 130 రాగి.

రెండో వారం: పెట్టెలు తెరిచాక

మూడు పెట్టెల్లోంచి ఇరవై చొప్పున తీసి తూచాం, కంపారేటర్ అనే కొలత పరికరంతో అడుగునుంచి భుజం వంపు (ముక్కు వైపు సన్నబడడం మొదలయ్యే చోటు) దాకా కొలిచాం. బరువు తేడాలు అర గ్రెయిన్ లోపే, పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది అడుగు. అడుగు అంచున చిన్న నొక్కు పడ్డా గురి చెడుతుంది, ఎందుకంటే గొట్టం వదిలే క్షణంలో వెనకనుంచి తోసే వాయువు ఒక పక్కనుంచి ముందు తప్పించుకుంటుంది. ముక్కున సీసం కాస్త వంకరైతే వంద గజాల్లో తేడా కనిపించదు. కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా పట్టుకుంటారు: ముక్కు నలిగిందని బుల్లెట్ పారేసి, అడుగు నలిగినదాన్ని లోడు చేస్తారు.

కేసులు ఒకే బ్యాచ్‌వి, ఇదే రైఫిల్లో ఒకసారి కాల్చినవి. కేసు భుజాన్ని (మెడ కింది వంపుని) 0.002 అంగుళం వెనక్కి నెట్టేలా సైజింగ్ డై (కేసుని తిరిగి కొలతకి నొక్కే అచ్చు) సర్దాం. పొడవు 2.015 అంగుళాలు దాటిన కేసుల్ని 2.005కి కత్తిరించి, లోపలి అంచు చాంఫర్ చేశాం, అంటే ఏటవాలుగా చెక్కాం.

చాంఫర్ సంగతి దగ్గరగా చూడాల్సిందే. కప్-కోర్ బుల్లెట్ ఒకటి చాంఫర్ సరిగ్గా పడని కేసులో దించితే, మెడ అంచున వెంట్రుకంత సన్నని రాగి ఉంగరం చుట్టుకుని లేచింది. వేలితో తీస్తే స్ప్రింగులా విడివడింది. జాకెట్‌ని కేసు అంచు గీకేసింది, అంటే ఆ బుల్లెట్ ఒక పక్క చెక్కుకుపోయింది. బోట్ టెయిల్ (తోక వైపు సన్నబడ్డ బుల్లెట్) కాబట్టి ఫర్వాలేదనుకున్నాం, తోక దానంతటదే దారి చేసుకుంటుందని. తోక లోపలికి పోతుంది, ఆ తర్వాత వచ్చే నిలువు భాగమే చిక్కుకుంటుంది. అడుగు చదునుగా ఉన్నవాటితో ఇది ఇంకా ఎక్కువ. అన్ని కేసులకీ మళ్లీ చాంఫర్.

లోతు లెక్క

బుల్లెట్ భుజం గాళ్లని తాకే చోటు ప్రతి బుల్లెట్‌కీ వేరు. ఒకదానికి కొలిచింది ఇంకొకదానికి పనికిరాదు, భుజం వంపు మారుతుంది కాబట్టి. మోడిఫైడ్ కేసు గేజ్‌తో (ఆ చోటు దూరం కొలిచే పరికరం) బాండెడ్ బుల్లెట్‌కి కొలిస్తే కంపారేటర్ మీద 2.241 వచ్చింది. 0.020 వెనక్కి జరిపి 2.221 పెడదామనుకుంటే మొత్తం తూటా పొడవు 2.860. మ్యాగజైన్ పెట్టె లోపలి పొడవు 2.850. ముందు గోడకి ముక్కు తగిలి తూటా లోపల పడనే లేదు. వేటలో మ్యాగజైన్లో పట్టని తూటా ఎంత గురిగా పోయినా దండగ. కాబట్టి 2.810కి దించాం, అదే .308కి ప్రమాణ గరిష్ఠ పొడవు కూడా. జంప్, అంటే బుల్లెట్ గాళ్లని తాకేదాకా ఉండే ఖాళీ, 0.070 అయింది. అంత జంప్ పనికిరాదని అనే వాళ్లు చాలామంది. పరీక్షించకుండా నమ్మాల్సిన మాట కాదది.

రాగి బుల్లెట్ సంగతి వేరు. దాన్ని గాళ్లకి దగ్గరగా పెట్టకూడదు, బార్న్స్ వాళ్లే 0.050 అంగుళం జంప్‌తో మొదలుపెట్టమంటారు. రాగి సీసంలా అణగదు, గాళ్లలోకి దిగేటప్పుడు ఎదురుతన్నుతుంది. కొంచెం పరుగు పెట్టాక తగిలితే ఒత్తిడి నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే ఒక బుల్లెట్ నుంచి ఇంకొకదానికి మారినప్పుడల్లా, బరువు ఒకటే అయినా సరే, మందు మాన్యువల్లో ఆ బుల్లెట్‌కే ఇచ్చిన ప్రారంభ లోడుకి దిగి మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కాలి. కప్-కోర్‌కి కుదిరిన లోడు మీద రాగి బుల్లెట్ పెట్టేసి కాల్చడం రీలోడింగ్‌లో జరిగే పెద్ద పొరపాట్లలో ఒకటి. లోతు పెంచినా కేసులో ఖాళీ తగ్గి ఒత్తిడి పెరుగుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

సీటింగ్ డైతో (బుల్లెట్‌ని కేసులోకి దించే అచ్చు) ఒక ఇబ్బంది వచ్చింది. పాలిమర్ ముక్కు బుల్లెట్లు దించితే కంపారేటర్ కొలతలు 0.006 దాకా ఊగాయి. బాగా చూస్తే, డైలో నొక్కే కాండం గుంట లోతు చాలక, భుజాన్ని కాకుండా ప్లాస్టిక్ ముక్కు కొననే నొక్కుతోంది. కొన్నింటి కొన చదునైపోయింది కూడా. పొడుగాటి బుల్లెట్ల కోసం అమ్మే లోతైన కాండం మార్చాక కొలతలు 0.002 లోపుకి వచ్చాయి. ఈ జబ్బు ఎవరికైనా ఉందేమో తేలిగ్గా తెలుసుకోవచ్చు: బుల్లెట్ ముక్కుకి మార్కర్ రంగు పూసి కాండంలో పెట్టి తిప్పండి. రంగు కొన దగ్గర పోతే కొన నొక్కుతోంది, భుజం దగ్గర ఉంగరంలా పోతే సరిగ్గా ఉంది.

మూడో వారం: కాగితం మీద రంధ్రాలు

రాగికి మారే ముందు బ్యారెల్‌ని రాగి కరిగించే ద్రవంతో పూర్తిగా శుభ్రం చేశాం, గుడ్డ మీద నీలం మరక రావడం ఆగేదాకా. జాకెట్ మిశ్రమం పూత మీద స్వచ్ఛమైన రాగి పడితే గురి చెదురుతుంది. ఈ పని ఎగ్గొట్టి రాగి బుల్లెట్ పనికిరాదని తీర్పు చెప్పేవాళ్లు చాలామంది.

మూడు రౌండ్ల గుంపు ఒకటి కాల్చి 'నా లోడు ఇదే' అనుకోవడం చెల్లదు. ఒకే లోడుతో మూడేసి రౌండ్ల గుంపులు అయిదు కాల్చితే చిన్నదానికీ పెద్దదానికీ మధ్య రెట్టింపు తేడా రావచ్చు, లోడులో ఏమీ మారకుండానే. అందుకని ప్రతి బుల్లెట్‌కీ ఒకే గురి మీద 15 రౌండ్లు, వేర్వేరు రోజుల్లో, మధ్యలో గొట్టం చల్లారనిస్తూ. కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాం. బాండెడ్ 0.070 జంప్‌తోనే ఒకటిన్నర అంగుళంలో 15ని పెట్టింది. కప్-కోర్ అంతకన్నా కొంచెం చిన్నది. రాగి 0.050 దగ్గర చెల్లాచెదురుగా, ఇంకో 0.020 లోపలికి దించాక మిగతావాటి సరసన చేరింది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల పళ్లెమంత. గురి విషయంలో మూడూ పాసే, ఇక దాన్ని బట్టి ఎంచాల్సిన పని లేదు.

నీళ్ల డబ్బాలు

ఒక గాలన్ పాల డబ్బాలు నీళ్లు నింపి వరసగా పెట్టి కాల్చాం, అవతల మట్టి దిబ్బ. నీళ్లు కండకన్నా కఠినం, బుల్లెట్‌ని ఎక్కువగా చితక్కొడతాయి. జింకలో ఇంత లోతు దిగుతుందని దీన్నిబట్టి చెప్పకూడదు, ఒకదానితో ఇంకొకదాన్ని పోల్చుకోవడానికే ఇది.

50 గజాల దగ్గర: కప్-కోర్ 165 నుంచి 96 గ్రెయిన్లకి పడింది. జాకెట్ విప్పుకుని, సీసం పళ్లెంలా పరుచుకుని ఉంది, అడుగున కొద్దిగా పట్టుకుని మిగిలింది. డబ్బాల అడుగున పప్పుగింజలంత సీసం తునకలు. బాండెడ్ 137 గ్రెయిన్లు, నిండైన పుట్టగొడుగు. రాగి 129, నాలుగు రేకులూ వెనక్కి మడిచి పువ్వులా.

దూరం ప్రభావం చూడ్డానికి మందు తగ్గించి దగ్గర్నుంచి కాల్చే అలవాటు కొందరికి ఉంది. మాన్యువల్లో ప్రత్యేకంగా ఇచ్చిన తక్కువ లోడులు తప్ప, నెమ్మది మందుని ప్రారంభ లోడు కంటే కిందికి దించడం ప్రమాదకరం. డబ్బాలని నిజంగానే 300 గజాల దగ్గర పెట్టాం. వరస సరిగ్గా కాల్పు దారిలో లేకపోతే బుల్లెట్ రెండో డబ్బా పక్కనుంచి పోతుంది, రెండుసార్లు అలాగే పోయింది. దొరికిన వాటిలో మూడు రకాలూ విచ్చుకున్నాయి. రాగి రేకులు పూర్తిగా వెనక్కి మడవలేదు, సగం విచ్చుకున్న మొగ్గలా ఉంది. పనికొస్తుంది. దూరం ఇంకా పెరిగితే మాత్రం దాన్ని వాడం.

ఎంపిక

జింక పక్కకి తిరిగి నిలబడి, పక్కటెముకల మధ్య తగిలితే మూడింటిలో ఏదైనా చాలు. తేడా చెడ్డ కోణంలోనే: 40 గజాల్లో కొంచెం ఎదురుగా తిరిగి ఉన్నప్పుడు జబ్బ ఎముకని దాటి లోపలికి పోవాల్సి వస్తే. కప్-కోర్ అక్కడ ఎముక మీదే చాలా భాగం ఖర్చయిపోతుంది, మాంసం కూడా నాశనమవుతుంది. 200 గజాలకి తక్కువ రాని మైదానంలో అయితే కప్-కోర్‌నే తీసుకునేవాళ్లం, ధర బాగా తక్కువ. మా ప్రదేశంలో దగ్గర కాల్పులే ఎక్కువ కాబట్టి 165 బాండెడ్. సీసం నిషేధం ఉన్న చోటికి 130 రాగి, దానికి వేరే జీరో, వేరే పెట్టె, ఎర్ర టేపు.

.30-30 లాంటి గొట్టపు మ్యాగజైన్ లీవర్ రైఫిళ్లకి ఇందులో ఏదీ వర్తించదు. మొనదేలిన బుల్లెట్ ముందున్న తూటా ప్రైమర్ మీద కూర్చుంటుంది, రీకాయిల్‌కి (కాల్చినప్పటి వెనక్కి తన్నుడికి) గుచ్చుకుంటే లోపలే పేలొచ్చు. వాటికి చదును ముక్కు లేదా మెత్తటి రబ్బరులాంటి ముక్కు ఉన్నవే.

చివరి విడత: 50 తూటాలు

యాభైకి యాభై మ్యాగజైన్లోంచి ఛాంబర్లోకి ఒకసారి పంపి, కాల్చకుండా తీశాం, గురి సురక్షిత దిశలో పెట్టి, సేఫ్టీ వేసి, రేంజిలోనే. రెండు బిగిశాయి. కొలిస్తే రెండు కేసుల భుజం చాలినంత వెనక్కి పోలేదు. విప్పి మళ్లీ చేశాం. తర్వాత రెండు తూటాల్ని మ్యాగజైన్లో అడుగున ఉంచి, పైన మూడేసి రౌండ్లు పెట్టి కాల్చాం. రీకాయిల్‌కి అడుగువాటి బుల్లెట్ లోపలికి జారిందేమో చూడాలి. మెడ పట్టు 0.002 ఉంది, క్రింపు (మెడ అంచుని బుల్లెట్ మీదకి నొక్కడం) వెయ్యలేదు. కొలత 0.001 కూడా మారలేదు.

డబ్బా మీద రాసింది: బుల్లెట్ పేరు, లాట్ నంబరు, మందు పేరు, బరువు, లాట్ నంబరు, ప్రైమర్, కేసు ఎన్నోసారి కాల్చింది, కంపారేటర్ కొలత, తేదీ. లాట్ మారితే లోడు మళ్లీ కిందనుంచే.

మిగిలిన పని ఒక్కటి. గడ్డకట్టే చలి ఉన్న పొద్దున, చల్లటి శుభ్రమైన గొట్టంతో మొదటి రౌండు ఎక్కడ పడుతుందో మూడు వేర్వేరు రోజుల్లో చూడాలి. మూడూ వంద గజాల దగ్గర గురి కన్నా రెండు అంగుళాలు పైన పడితే 200 జీరో నిలిచినట్టే. తేడా వస్తే స్కోప్ తిప్పడానికి ముందు మౌంట్ స్క్రూలు, స్టాక్ స్క్రూల బిగింపు చూడాలి.